అవ్వ చదవని మాట

మొన్నామధ్య నర్మెట్ట నుంచి ఒకామె ఫోన్ చేసింది. నాకు వ్యాయామం చేయించిన ఫిజియోథెరపీ డాక్టరు నా నంబరు ఇచ్చాడట. ఆమె తమ్ముడికి ఇరవై ఆరేళ్ళు. పది రోజుల కింద కాళ్ళలో తిమ్మిరి మొదలైంది, ఇప్పుడు గొంతులో గొట్టంతో పడుకొని ఉన్నాడు.

"అన్నా, గదే రోగం మీకు గూడ వచ్చిందంట గదా. లేస్తడా అన్నా మా తమ్ముడు?"

"లేస్తడమ్మా" అన్నాను.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు, కానీ నిజం మొత్తం లేదు. మిగతాది ఏడుస్తున్న మనిషికి ఫోన్‌లో చెప్పే ధైర్యం రాలేదు. అందుకే రాస్తున్నాను. సగం పేజీ రాసేసరికి నా కుడిచేతి వేళ్ళు ఇంకా అలసిపోతాయి. ఈ కాస్త రాయడానికి మూడు వారాలు పట్టింది.

నా పేరు ప్రభాకర్. భూపాలపల్లి బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్ని. మా బాపు, అంటే నాన్న, ఆ బాయిలోనే పనిచేస్తూ చనిపోతే ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. మా అమ్మ పేరు సారమ్మ. మేము అవ్వ అని పిలుస్తాం. బాపు భూపాలపల్లిలో ఉన్నన్నాళ్ళూ అవ్వ నెల్లికుదురులోనే ఉండి, అంగన్‌వాడీ టీచరుగా చేస్తూ అక్కను, నన్ను పెంచింది. ముప్ఫై ఏళ్ళు పసిపిల్లలకు అక్షరాలు దిద్దించి పోయిన ఏడాదే రిటైరైంది.

నాకు బండి పిచ్చి. సెలవు దొరికితే చాలు, ఎటో ఒకవైపు పోవాలి. "ఇగ ఖాళీగనే ఉంటివి, నీకేం చూడాలనుంది అవ్వా" అని ఒకరోజు మాటవరసకు అడిగాను.

"మంచుకొండ చూడాలె. ముప్ఫై ఏండ్లు గోడమీది పటంల పోరగాండ్లకు చూపిచ్చిన. నేనే చూడకపోతి."

అట్లా అనుకున్నదే నేపాల్ ప్రయాణం.

అక్టోబరు, దసరా దాటాక

నా భార్య లావణ్యకు ఇది మొదటి నుంచీ ఇష్టం లేదు. "రైళ్ళున్నయి, బస్సులున్నయి. అరవై ఏండ్లామెను బండెనక కూసోబెట్టుకొని దేశం దాటుడేంది?" అంది. అవ్వ నవ్వి, "నడుము నొచ్చినకాడ దిగుత బిడ్డా, నువ్వు పరేషాన్ గాకు" అంది. లావణ్య నవ్వలేదు. నాలుగేళ్ళ మా పాపను చంకన వేసుకొని గుమ్మంలో నిలబడింది, చెయ్యి మాత్రం ఊపలేదు.

అవ్వ జీవితంలో మొదటిసారి పంజాబీ డ్రెస్సు వేసుకుంది. హెల్మెట్ పెట్టుకున్నాక అద్దంలో చూసుకొని, "నన్ను నేనే గుర్తుపడ్తలేను" అంది. గోదావరి దాటి, గడ్చిరోలి అడవిలోంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, అక్కడి నుంచి గోరఖ్‌పూర్. రోజుకు రెండు మూడు వందల కిలోమీటర్లే. మధ్యాహ్నం ఎక్కడో ఒక చెట్టు కింద ఆగితే సంచిలోంచి సకినాలు, మామిడికాయ తొక్కు తీసేది. సరిహద్దు దగ్గర బండికి కాగితాలు రాయించుకొని అటు పక్కకు దాటగానే వెనక్కి తిరిగి చూసి, "గంతేనా? గేటు దాటితె దేశం దాటినట్టేనా?" అని అడిగింది.

గోరఖ్‌పూర్‌లో ఏం తిన్నానో, రెండు రోజులు కడుపు పాడైంది. మాత్రలు వేసుకొని నడిపాను. దాన్ని నేను లెక్కపెట్టలేదు. ప్రయాణంలో అందరికీ అయ్యేదే కదా.

పోఖరాలో మొదటిరోజంతా మబ్బే. రెండో రోజు పొద్దున మబ్బు విడిపోయి కొండ కనిపించింది. అవ్వ చేతులు కట్టుకొని నిలబడి చాలాసేపు చూసింది. ఆఖరికి, "పటంల గింత పెద్దగ లేకుండె" అంది. అక్కడి నుంచి ఇంకా పైకి, రాళ్ళ దారిలో నది వెంబడి రెండు రోజులు వెళ్ళాం. మంచు దగ్గరగా చూశాం. మా ఇద్దరికీ అంత మంచి రోజులు అంతకుముందు ఎప్పుడూ రాలేదని ఇప్పుడు అంటాను. ఆ మాట అనడానికి నాకు ఏడాది పట్టింది.

దిగి వస్తున్నప్పుడు కాలి వేళ్ళల్లో చీమలు పాకినట్టు మొదలైంది. చలికి అనుకున్నాను. మర్నాటికి మోకాళ్ళ దాకా పాకింది. గేరు వేద్దామంటే ఎడమపాదం పైకి లేవడం లేదు. బూటు బరువు అనుకున్నాను. మనిషి తనకు తాను ఎన్ని సాకులు చెప్పుకుంటాడో అప్పుడే తెలిసింది.

పాల్పా దగ్గర టీకొట్టు ముందు బండి ఆపి కాలు కింద పెట్టాను. పెట్టాననుకున్నాను. కాలు నిలబడలేదు. బండి, నేను, అవ్వ, ముగ్గురం ఒకేసారి పక్కకు పడిపోయాం. అవ్వ మోచెయ్యి చీరుకుపోయింది. ఆమె ముందు లేచి, "ఏమైంది బిడ్డా, జారిందా?" అని నా చెయ్యి పట్టి లాగింది.

"జారలేదవ్వా. కాలు ఉన్నట్టే లేదు."

టీకొట్టామె, ఇంకో ఇద్దరు కలిసి నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. బండిని తాళం వేసి వాళ్ళ ఇంటి వెనక పెట్టుకున్నారు. వాళ్ళ పేర్లు కూడా మేము అడగలేదు.

మూడు రోజులు

దగ్గర్లోని చిన్న ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు చూసి అలసట అన్నాడు. సెలైను ఎక్కించి పడుకోమన్నాడు. తెల్లవారాక బాత్రూమ్‌లో కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. అవ్వ నన్ను చంకల కింద చేతులు వేసి లేపింది. చాయ్ గ్లాసు పట్టుకోబోతే వేళ్ళ మధ్య నుంచి జారి పడింది.

అవ్వకు హిందీ రాదు, నేపాలీ అసలే తెలియదు. కానీ ఆ పొద్దున ఆమె డాక్టరు గదిలోకి వెళ్ళి, చేతులు రెండూ వేలాడేసి, మెడ వాల్చి, నేను ఎట్లా ఉన్నానో చేసి చూపించింది. "సాబ్, మేరా కొడుకు, బహుత్ పరేషాన్. పెద్ద దవాఖాన. జల్ది. జల్ది." మన ఊళ్ళో మామూలుగా వాడే మాటలే అక్కడ ఆమెను ఆదుకున్నాయి. మధ్యాహ్నానికి అంబులెన్స్‌లో ఇంకో ఊరి పెద్ద ఆస్పత్రికి చేరాం.

అక్కడ రోగం పేరు చెప్పారు. గులియన్ బారీ సిండ్రోమ్. మన ఒంట్లోని రక్షణ శక్తే మన నరాల మీద పడుతుందట. కాళ్ళ నుంచి పైకి పాకుతుంది. ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

రెండు గంటలకోసారి ఒక నర్సు వచ్చి ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేది. మొదటిసారి ఇరవై దాకా తెలుగులో లెక్కపెట్టాను. తర్వాత పద్నాలుగు. తర్వాత తొమ్మిది. అవ్వ మంచం పక్కన నిలబడి నాతో పాటు పెదాలు కదిపేది. తొమ్మిది దగ్గర నేను ఆగిపోతే ఆమె "పది" అని బయటికి అంది, చిన్నపిల్లలకు అందించినట్టు. నేను అనలేకపోయాను.

ఊపిరి కోసం గొంతులో గొట్టం వేయాలన్నారు. సంతకానికి కాగితం తెచ్చారు. అవ్వ తెలుగులో, గుండ్రంగా, సారమ్మ అని రాసింది. నాకు మాట మిగిలిన చివరి నిమిషంలో ఆమెకు ఒక్కటే చెప్పాను.

"లావణ్యకు చెప్పకు. భయపడ్తది."

ఎందుకట్లా అన్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. గుమ్మంలో నిలబడ్డ ఆమె ముఖం గుర్తొచ్చింది కాబోలు. ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడు నాకు తోచలేదు.

గొట్టం మీద

దీని గురించి ఎక్కువ రాయను. నర్మెట్ట అక్కకు ఒకటి మాత్రం చెప్పాలి. మీ తమ్ముడికి అంతా వినిపిస్తూ ఉంటుంది. అంతా తెలుస్తూ ఉంటుంది. కళ్ళు కదులుతాయి, రెప్పలు మెల్లగా మూయొచ్చు, అంతకు మించి ఏమీ లేదు. ముక్కు మీద ఈగ వాలితే అది తనంత తాను లేచిపోయే దాకా ఎదురుచూడడమే.

లోపలికి మనుషులను రోజుకు రెండుసార్లు వదిలేవారు. పదకొండింటికి, నాలుగింటికి. మిగతా సమయమంతా అవ్వ బయట వరండాలో ఇనుప బెంచీ మీద. అక్కడివాళ్ళు అమ్మను 'ఆమా' అంటారు. "మనోళ్ళ లెక్కనే పిలుస్తున్నరు" అని లోపలికి వచ్చినప్పుడు చెప్పింది. వార్డు ఊడ్చే సీతా దీదీ తన శాలువా ఇచ్చిందని, కళ్ళతోనే కూర్చోమంటుంది, చేతులతోనే తినమంటుందని చెప్పింది. ఆ సీతా దీదీయే నాకు గడ్డం గీసేది. గీసేటప్పుడు నేపాలీలో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఆమె మాట ఆపితే భయమేసేది. మిగతావాళ్ళంతా నా గురించి మాట్లాడేవాళ్ళు. నాతో మాట్లాడింది ఆమె ఒక్కతే.

అవ్వ వచ్చినప్పుడల్లా ప్రార్థన చేసి నా కాళ్ళు రుద్దేది. ఆ రోగంలో దుప్పటి తగిలినా నిప్పు పెట్టినట్టు ఉంటుంది. ఆమె ప్రేమగా రుద్దుతుంటే నేను లోపల అరుస్తున్నాను. నా కళ్ళ నుంచి నీళ్ళు కారితే, "ఏడ్వకు కొడుకా" అని ఇంకా గట్టిగా రుద్దేది.

రెండో రోజు ఆమెకే తట్టింది. ముఖం దగ్గరగా వంగి, "నేను అచ్చరాలు జెప్త. నీకు కావలసింది రాంగనే కన్ను మూయి" అంది. అంగన్‌వాడీలో చెప్పినట్టే, లయగా, క ఖ గ ఘ అంటూ మొదలుపెట్టింది. క దగ్గరే మూశాను. తర్వాత గుణింతం. క, కా. మళ్ళీ మూశాను. అట్లా పావుగంటలో 'కాళ్ళు' అని చెప్పగలిగాను. ఆమె ముఖం వెలిగిపోయింది. "కాళ్ళా! రుద్దాల్నా?" అని మళ్ళీ రుద్దింది.

మర్నాడు 'నొప్పి' అని చెప్పాను. అప్పుడు ఆమె చేతులు వెనక్కి తీసుకొని, తన చేతులవైపే చూసుకుంటూ ఉండిపోయింది.

నాలుగో రోజుకు నాలో ఏదో తెగిపోయింది. పైన సీలింగులో ఒక పలక పగిలి ఉంది. బతికినంత కాలం ఇక దాన్నే చూస్తూ ఉండాలేమో అనిపించింది. నా పాపను ఎత్తుకోలేను, ఒక మెతుకు మింగలేను, చావడానికి కూడా నా చేతిలో ఏమీ లేదు. అవ్వ పదకొండింటికి వచ్చి అక్షరాలు మొదలుపెట్టింది. చ దగ్గర మూశాను. చా దగ్గర మూశాను. ల. లు.

చాలు.

ఆమె నన్ను చూసింది. తర్వాత చుట్టూ చూసింది. "ఏంది చాలు? ఏసీనా? ఎక్కువైందా? తక్కువ జెయ్యమంట ఉండు" అని నర్సు దగ్గరికి వెళ్ళి, చేతులు రుద్దుకొని చలి చూపించింది.

సాయంత్రం మళ్ళీ అదే చెప్పాను. చ, చా, ల, లు. "చారా? చారు దాగుతవా? జర మంచిగ గాని, చింతపండు చారు పెడ్త" అంది. నేను కళ్ళు మూసుకొని, ఆమె వెళ్ళిపోయే దాకా తెరవలేదు. ఇంత కష్టపడి రెండక్షరాలు పంపితే అవి కూడా చేరడం లేదు. నా జీవితంలో అంతకంటే ఒంటరిగా ఎప్పుడూ లేను. మర్నాడు రెండుసార్లూ ఆమె అక్షరాలు చెప్పింది. నేను ఒక్క అక్షరానికీ రెప్ప వాల్చలేదు.

లావణ్య వచ్చింది

గొట్టం వేసిన మూడో రోజున అక్క మొగుడు, ఐలయ్య బావ, అవ్వకు ఫోన్ చేసి నాలుగు మాటలు అడిగేసరికి ఆమె ఏడ్చి అంతా చెప్పేసిందట. అట్లా లావణ్యకు తెలిసింది. పాపను కురవిలో వాళ్ళమ్మ దగ్గర వదిలి, బావను తోడు తీసుకొని రైలెక్కింది. వాళ్ళమ్మ వీరభద్రస్వామికి మొక్కుకుంది. నెల్లికుదురులో అవ్వ చర్చివాళ్ళు ఉపవాసం ఉన్నారు. నా కోసం ఇంతమంది ఇన్ని చోట్ల అడుగుతున్నారని తెలిసి కూడా నాకు సంతోషం కలగలేదు. అంత దూరం పోయాను.

లావణ్య నన్ను చూసి బయటికి వెళ్ళాక వరండాలో ఏం జరిగిందో చాలా నెలల తర్వాత తనే చెప్పింది. పదిమంది ముందు అవ్వను నిలదీసింది.

"మూడు దినాలు గొట్టం మీదున్నడు, నాకొక్క ఫోన్ జెయ్యవా? సచ్చినంక చెప్తుంటివా? చూసినవా అత్తమ్మా నీ కొండను? కడుపు నిండిందా?"

అవ్వ నేను వద్దన్నానని చెప్పలేదు. "తప్పైంది బిడ్డా" అంది, అంతే. అప్పటినుంచి వాళ్ళిద్దరూ అదే బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. బావ మాత్రం మా బండి కాగితాల గడువు మీరకముందే పాల్పా వెళ్ళి, బండిని సరిహద్దు దాటించి వచ్చాడు.

మూడో వారంలో నా భుజం కొద్దిగా కదిలింది. డాక్టరు నవ్వాడు. నేను నవ్వలేదు, ముఖం ఇంకా నా మాట వినడం లేదు. నెల దాటాక నా అంతట నేను ఊపిరి తీసుకోగలిగాను. అంబులెన్స్‌లో హనుమకొండకు తెచ్చారు. రెండు రోజుల దారి. అవ్వ ఒక పక్క, లావణ్య ఒక పక్క. నా మీదుగా నీళ్ళ సీసా అందించుకునేవారు, గుడ్డ అందించుకునేవారు. మాట మాత్రం లేదు.

జనగామలో

జనవరిలో జనగామలోని మా అక్క సునీత ఇంటికి చేర్చారు. కింది అంతస్తు ఇల్లు, ఫిజియోథెరపీ డాక్టరు రోజూ వచ్చి వ్యాయామం చేయించేవాడు. లావణ్య భూపాలపల్లిలో ప్రైవేటు బడిలో టీచరు. నా జీతం ఆగిపోయింది కాబట్టి ఆమె పని మానలేదు, శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళేది. నా పనులన్నీ అవ్వవే. తినిపించడం, ఒళ్ళు తుడవడం, పక్క తిప్పడం, రాయడానికి సిగ్గేసే మిగతావన్నీ.

ఆస్పత్రిలో చచ్చిపోతానేమోనన్న భయం ఉండేది. ఇంట్లో ఇట్లాగే బతుకుతానేమోనన్న భయం పట్టుకుంది. ఇది దానికంటే పెద్దది. పాప వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే ఆగిపోయి, "అది నాన్నేనా?" అని వాళ్ళమ్మను అడిగింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నా చేత్తో నేనే తింటానని పట్టుబట్టాను. చెంచా నోటి దాకా రాకముందే వంగి, పెరుగన్నమంతా ఛాతీ మీద పడింది. అవ్వ ఏమీ అనకుండా కొంగుతో తుడిచింది. ఆ ఏమీ అనకపోవడమే నాకు పట్టలేని కోపం తెప్పించింది. గొంతు అప్పటికి బొంగురుగా వస్తోంది.

"నీ వల్లనే గదా నాకీ గతి. నీ కొండ నీకు కనబడ్డది. నాకు నా చెయ్యి గూడ లేదు. నా కండ్ల ముందట ఉండకు, పో!"

ఇది వట్టి అన్యాయమని అంటున్నప్పుడే నాకు తెలుసు. ఈ రోగం కొండ వల్ల రాదు, బండి వల్ల రాదు, ఇంట్లో కూర్చున్నవాళ్ళకూ వస్తుందని డాక్టర్లు వందసార్లు చెప్పారు. అయినా అన్నాను.

అవ్వ నా మూతి కడిగింది. కంచం కడిగింది. ఎండిన బట్టలు తెచ్చి మడత పెట్టింది. అక్కతో, "ఇంటికి పోయొస్త బిడ్డా" అని చెప్పి మానుకోట పోయే రైలెక్కింది. అక్కడి నుంచి నెల్లికుదురుకు బస్సు.

"గంత మాటంటవా రా? గామె గాకపోతె నువ్వు ఆడనే సచ్చిపోదువు" అని అక్క ఏడ్చింది. నేను గోడవైపు తిరగాలనుకున్నాను. తిరగడానికి కూడా ఎవరో ఒకరు కావాలి.

రెండు వారాలు ఆమె రాలేదు. నేను వ్యాయామం మానేశాను. డాక్టరు వచ్చి కూర్చొని వెళ్ళిపోయేవాడు.

రెండో శనివారం లావణ్య నా మంచం పక్కన కూర్చొని ఆరెంజి వొలుస్తూ, "పోనియ్యి. నాకు జెప్పకుండ దాచిన మనిషి. ఇప్పుడన్న తెలిసొస్తది" అంది. అప్పుడు ఇక నోరు మూసుకొని ఉండలేకపోయాను.

"దాచింది అవ్వ గాదు. నేనే చెప్పొద్దన్న. గొట్టమేసేముందు."

లావణ్య చేతులు ఆగిపోయాయి. "మల్ల ఆమె నాతోని ఎందుకనలే? గన్ని మాటలంటి. అందరి ముందట అంటి."

"నేను చెప్పొద్దన్న గదా."

ఆమె ఆరెంజి తొనలు మంచం మీద పెట్టేసింది. తర్వాత, "మీ ఇద్దరి నోట్లె మన్నువడ" అని తిట్టి, ముఖం దాచుకొని ఏడ్చింది. పొద్దున్నే లేచి పాపను తీసుకొని మానుకోట రైలెక్కింది.

నెల్లికుదురులో గుమ్మం ముందు నిలబడి ఏమనాలో తోచక అవ్వ కాళ్ళ మీద పడబోయిందట. అవ్వ రెండు భుజాలు పట్టుకొని, "లే బిడ్డా. పిల్ల ఏమన్న తిన్నదా?" అని మాత్రం అడిగిందట. అన్నం వండి ఇద్దరికీ పెట్టి, తను తిని, సాయంత్రానికి వాళ్ళతోనే వచ్చేసింది.

ఆమె గదిలోకి రాగానే "తప్పైందవ్వా" అన్నాను. ఆమె సంచి కింద పెట్టి మంచం అంచున కూర్చుంది.

"ఆడ గొట్టం మీదున్నప్పుడు నువ్వొక మాటంటివి. ఒక్కసారి గాదు, రెండుసార్లంటివి. గది ఇన్నదాన్ని, గిది ఇంటె సస్తనా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఆ రెండక్షరాలు గుర్తొచ్చాయి.

"నీకు సమజైందా?"

"ముప్ఫై ఏండ్లు అచ్చరాలు చెప్పినదాన్ని. రెండచ్చరాలు చదువుడు రాదా నాకు?"

"మరి చారంటివి. ఏసీ అంటివి."

"సమజైందంటె మల్ల నేనేం జెయ్యాలె? ఔను కొడుకా, చాలు, అనాలెనా? నా నోటితోని ఎట్లంట? గందుకే చదవలే. బయటికొచ్చి నల్లకాడ మొకం కడుక్కున్న. మల్ల కడుక్కున్న. మల్ల నాలుగ్గంటలకు లోపటికొచ్చిన."

ఇంతకంటే ఆమె దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇప్పుడు

మే నెలలో వాకరుతో నిలబడ్డాను. వానలు మొదలయ్యాక కర్రతో నడిచాను. ఇప్పుడు భూపాలపల్లి క్వార్టరులో ఉన్నాం. నన్ను బాయిలోకి దింపడం లేదు, పైన, బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో కూర్చోబెట్టారు. ఎడమపాదం ఈడుస్తూ నడుస్తాను. ఎక్కువసేపు కూర్చొని కాలు తిమ్మిరెక్కితే, అందరికీ ఎక్కే మామూలు తిమ్మిరే, నా గుండె ఆగిపోతుంది. లేచి నాలుగడుగులు వేసి, పడలేదని చూసుకొని, మళ్ళీ కూర్చుంటాను. ఈ భయం పోతుందని ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పను.

నర్మెట్ట అక్కా, మీ తమ్ముడు లేస్తాడు. కానీ లేచే దాకా ఎన్నోసార్లు లేవనంటాడు. మాటలతో మిమ్మల్ని నొప్పించని చోటంటూ మిగల్చడు. మీరు తాకే ముందు అడగండి, ఎక్కడ తాకితే నొప్పో తనంత తాను చెప్పలేడు. అతని మంచం దగ్గర కొట్లాడుకోకండి. ఏమీ చెప్పడానికి లేకపోతే పొద్దున ఏం కూర వండారో అదే చెప్పండి. ఆ మాట పట్టుకొని అతను సాయంత్రం దాకా ఉండగలడు. అతను అనకూడని మాట ఏదైనా అంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. మా అవ్వ ఏం చేసిందో చెప్పాను.

చేతిలో బలం కోసం డాక్టరు మెత్తటి బంతి ఒకటి ఇచ్చి పిండమన్నాడు. అవ్వకు అది నచ్చలేదు. "బంతికేం తెలుస్తది" అని తన రెండు వేళ్ళు నా గుప్పిట్లో పెట్టింది. జనగామలో ఉన్నప్పటి నుంచీ రోజూ పొద్దున చాయ్ తాగాక ఇదే పని. ఎండకాలమంతా నేను పిండితే ఆమెకు తెలిసేదే కాదు. "పిండు" అనేది. "పిండుతున్న" అనేవాణ్ణి. "ఆఁ, మంచిది" అనేది.

పోయిన ఆదివారం ఆమె వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. చేతులు కడుక్కొని వచ్చి నా ఎదురుగా పీట వేసుకొని కూర్చొని, మామూలుగా వేళ్ళు ఇచ్చింది. నేను పిండాను.

"అబ్బా! నొస్తందిరా, ఇడువు" అంది.

నేను వదల్లేదు. ఆమె కూడా వేళ్ళు లాక్కోలేదు. లోపలి నుంచి లావణ్య ఏమైందేమైందని అడుగుతూనే ఉంది.